చేతికి తగ్గ గొట్టం

ఆ ఏడు మంచు కరిగి దారి తెరుచుకున్నాక, మే నెల చివర్లో మేం ఏటికి చేరేసరికి మా గొట్టాన్ని ఎలుగుబంటి నమిలేసి ఉంది. ఒకటి రెండు గాట్లు పెట్టి వదిలేసిందనుకుంటే పొరపాటు. ఒక చివర మొదలుపెట్టి, తీరుబడిగా కూచుని, ఎముక నమిలినట్టు సగం దాకా నమిలింది.

మా ఆయన హాలిస్ దాని పక్కన గొంతుక్కూచుని పళ్ల గాట్లలో వేలు పెట్టి చూశాడు.

"రబ్బరు వాసనంటే వీటికి పిచ్చి," అన్నాడు. "ఏడు వేసవులు వచ్చింది. ఇంకో రెండు వచ్చేది."

నిజం చెప్పాలంటే ఆ గొట్టం పోయినందుకు నాకు పెద్దగా బాధ కలగలేదు. ఐదంగుళాల లావు, ఇరవై అడుగుల పొడవు. ఏటా దాన్ని పడవలోంచి దించి తెప్పకి బిగించేసరికి నా నడుం పట్టేసేది.

ఫార్టీమైల్ నదిలో ఒక మేట మీద మాకు తవ్వుకునే హక్కుంది. తెప్ప మీద ఇంజనూ పంపూ ఉంటాయి. నీళ్లలోకి దిగిన మనిషి గొట్టం మూతిని అడుగున ఆనించి పట్టుకుంటే, గులకా ఇసుకా పైకి లాగబడి తెప్ప మీది రేకు తొట్టిలో పారతాయి. తేలికైనదంతా మళ్లీ ఏట్లో పడిపోతుంది. బరువైన బంగారం, ఉంటే, తొట్టిలో నిలుస్తుంది. దిగేది హాలిస్. పైన ఇంజనూ, అతని గాలి గొట్టమూ, తొట్టీ చూసుకునేది నేను. ఇరవై రెండేళ్లుగా అంతే. చలికాలమంతా నేను మా ఊరు టోక్‌లో స్కూలు బస్సు నడుపుతాను, అతను రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. వేసవి మాత్రం ఏటిది.

గొట్టం లేకపోతే వేసవి లేదు. మర్నాడే ఫెయిర్‌బ్యాంక్స్ బయల్దేరాం.

అక్కడ మార్గిట్ కొట్టు ఉంది. యాభై అయిదేళ్ల మనిషి. ఒకప్పుడు తనూ ఏటికి వెళ్లేది, ఇప్పుడు గొట్టాలు కోసి అమ్ముతుంది. హాలిస్ లోపలికెళ్తూనే చెప్పేశాడు.

"మళ్లీ అదే. ఐదంగుళాలది, మందం గోడది. ఇరవై అడుగులు."

మార్గిట్ కదల్లేదు. "పాతది తీసుకెళ్లి ఎన్నాళ్లయింది?"

"ఏడేళ్లు."

"ఆ రోజు నువ్వు దాన్ని ఒంటి చేత్తో ఎత్తి బండిలో పడేశావు. నాకు గుర్తే."

"ఇప్పుడూ పడేస్తా."

"పడేస్తావులే పెద్దాయనా. బండిలో పడెయ్యడానికి కాదుగా కొనేది." పక్క గూట్లోంచి ఒక ముక్క తీసి అతని చేతిలో పెట్టింది. "దీని సంగతి చూడు. గోడ పల్చన, లోపల నున్నన. పాలపొరలాగుంది కదా, రాయి ఎక్కడ ఇరుక్కుందో పైనుంచే కనపడుతుంది. చన్నీళ్లలో కూడా వంగుతుంది."

"ఎన్నేళ్లొస్తుంది?"

"రెండు. జాగ్రత్తగా తిప్పి తిప్పి వాడితే మూడు. వంపు దగ్గర అరుగుతుంది. అబద్ధం చెప్పను."

"అంటే రెండేళ్లకోసారి నీ కొట్టు చుట్టూ తిరగమంటావు."

"తిరిగితే నాకు మంచిదేగా."

ఆ లోపల నేను మందం గొట్టం చుట్ట దగ్గరికి వెళ్లి ఒక చివర పట్టుకుని లాగి చూశాను. వదలగానే మళ్లీ చుట్టలోకే పోయి కూచుంది. "హాలిస్, ఇది చుట్ట తిరిగిన అలవాటు మానదు. ఏట్లో మరీ మొండికేస్తుంది," అన్నాను.

"ఎండలో పరిస్తే సాగుతుంది."

"మనకి ఎండెక్కడిది?"

అతను నావైపు చూశాడు. కోపంగా కాదు, ఇక చాలన్నట్టు. "పట్టుకునేది నేను," అన్నాడు.

అది నిజమే. ఎవరు పట్టుకుంటారో వాళ్లే ఎంచుకోవాలి. చుట్టని బండి దాకా దొర్లించుకెళ్లాక, హాలిస్ కుడిచేత్తో ఎత్తబోయాడు. మోకాలి ఎత్తు దాకా లేచింది. వేళ్లు జారాయి. గబుక్కున ఎడమచేయి కూడా వేసి, తొడ ఆసరా ఇచ్చి, బండిలోకి తోశాడు. నేను సీటు కింద తాడు వెతుక్కుంటున్నట్టు వంగాను. మార్గిట్ కూడా రోడ్డు వైపు చూసింది.

జూన్ మొదటి వారంలో పని మొదలుపెట్టాం. కెటిల్లో నీళ్లు మరిగించి గొట్టం కొస మీద పోసి, మెత్తబడ్డాక తెప్ప మీది ఇనుప కాలరుకి తొడిగి పట్టీలు బిగించాం. ఆ ఒక్క పనికే మధ్యాహ్నం అయిపోయింది. గొట్టం నేను చెప్పినట్టే చేసింది. రాత్రి రాళ్లు కట్టి సాగదీసి పెట్టినా, తెల్లారి నీళ్లలో వెయ్యగానే చుట్టుకోబోయేది. కింద హాలిస్ ఒక చేత్తో రాళ్లు తీసెయ్యాలి, రెండో చేత్తో మూతి పట్టుకోవాలి. ఇప్పుడు ఆ రెండో చేయి సగం బలం గొట్టాన్ని తిన్నగా ఉంచడానికే ఖర్చయ్యేది.

అంతకు ముందు ఏళ్లలో అతను దిగితే రెండు గంటలు పైకొచ్చేవాడు కాదు. ఆ జూన్‌లో ముప్పావుగంటకే తల బయటపెట్టేవాడు. తెప్ప అంచున కూచుని, కాఫీ కప్పు రెండు చేతుల మధ్య పెట్టుకుని తాగేవాడు. కుడిచేతి వేళ్లు సుద్దముక్కల్లా తెల్లగా ఉండేవి.

"నీళ్లు ఈ ఏడు మరీ చల్లగా ఉన్నాయి," అనేవాడు.

"ఏ ఏడు వెచ్చగా ఉన్నాయి?"

సాయంత్రం తొట్టి కడిగితే మూకుడు అడుగున పసుపు గీత ఉండీ లేనట్టు కనపడేది. ఇద్దరం దాన్ని చూసి, సీసాలో పోసి, దోమతెరలోకి దూరేవాళ్లం.

ఒకరోజు పై మేట మీద తవ్వుకునే అర్విడ్ పడవలో వచ్చాడు. డెబ్బై నాలుగేళ్లాయన, ఇప్పుడు పనంతా మేనల్లుళ్ల చేత చేయిస్తాడు. ఒడ్డున పెట్టె మీద కూచుని, హాలిస్ పైకి రావడం, కూచోవడం, మళ్లీ దిగడం మూడుసార్లు చూశాడు.

"ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు," అన్నాడు హాలిస్‌తో. "నేను రెండేళ్లు ఆలస్యంగా మానేశాను. అందుకే ఈ మోకాళ్లిలా అయ్యాయి. తెప్పా మేటా మావాళ్లకి ఇచ్చెయ్. వాళ్లు కుర్రాళ్లు. నువ్వు పై నుంచి తిడుతూ ఉండొచ్చు, నాలాగే."

హాలిస్ నవ్వుతాడనుకున్నాను. ఏట్లోకి పొమ్మంటాడనుకున్నాను.

"చూద్దాం, ఆగస్టులో," అన్నాడు.

అతని నోట చూద్దాం అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఆ పూట రొట్టె కాలుస్తూ మాడ్చేశాను.

జూన్ నెల ఇంకో వారంలో అయిపోతుందనగా, గొట్టంలో రాయి ఇరుక్కుంది. పైన తొట్టిలో నీళ్లు సన్నబడ్డాయి. ఎక్కడ ఇరుక్కుందో నల్లటి ఆ మందం గోడలోంచి కనపడదు. నేను పై నుంచి సుత్తితో గొట్టాన్ని తట్టుకుంటూ వెతుకుతున్నాను. కింద అతను మూతిని పైకెత్తి విదిలించాడు కాబోలు. ప్రవాహం గొట్టం కిందికి దూరింది. అది ఒక్కసారిగా చుట్ట తిరిగింది. తెప్ప ఊగింది.

హాలిస్ తల పైకొచ్చింది. ఎడమచేత్తో తెప్ప అంచు పట్టుకుని, నోట్లోని గాలి తొడుగు ఉమ్మేశాడు.

"రాయి ఇరుక్కుంది," అన్నాడు.

"తెలుసు. పైకి రా."

"వస్తా. కాసేపాగు."

కుడిచేయి భుజం నుంచి ఊరికే వేలాడుతోంది. అతన్ని పైకి లాగి, ఇంజను ఆపి, రబ్బరు సూటుని కత్తెరతో భుజం దగ్గర కోసేశాను. "మంచి సూటు పాడు చేశావు," అన్నాడంతే.

ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఎముకల డాక్టరు భుజం లోపలి కండరాలు తెగాయని, చలికాలం ముందు ఆపరేషన్ చేద్దామని, అప్పటిదాకా కాఫీ కప్పు కన్నా బరువైనదేదీ ఎత్తొద్దని చెప్పాడు. ఇంకో ఎక్స్‌రే తియ్యాలని హాలిస్‌ని కూచోబెట్టారు. పెట్రోలు పోయించుకొస్తానని చెప్పి నేను బయటికొచ్చాను. పోయించుకున్నాను కూడా. ఆ తర్వాత మార్గిట్ కొట్టుకి వెళ్లాను.

ఏం జరిగిందో చెప్పాను. ఆమె తిట్టలేదు, 'నేను ముందే చెప్పానుగా' అనలేదు. కౌంటరు వెనక నుంచి వచ్చి నా పక్కన నిలబడింది.

"వాడిన దాన్ని వెనక్కి తీసుకోలేను."

"అందుకు రాలేదు. పల్చటిది చూపించు. నాలుగంగుళాలది."

"నాలుగా?" నన్ను పైనుంచి కిందికి చూసింది. "నాలుగైతే లాగే గులక మూడో వంతు పైగా తగ్గిపోతుంది. తెలుసుగా."

"తెలుసు."

"మీది ఐదంగుళాల యంత్రం. మధ్యలో సన్నబరిచే ముక్క వెయ్యాలి. చిన్న మూతి కావాలి."

"ఉన్నాయా నీ దగ్గర?"

"ఉన్నాయి," అని, ఇంకేమీ అడక్కుండా ఒక పొడవాటి ముక్క తీసుకుని పెరట్లోకి నడిచింది. అక్కడ పాత స్నానాల తొట్టి ఉంది, నిండా బావి నీళ్లు. గొట్టాన్ని అందులో ముంచి, నా చేతులు కూడా ముంచమంది. "అలాగే ఉంచు. కొట్లో వంచి చూస్తే ఏ గొట్టమైనా బాగానే ఉంటుంది. చేతులు మొద్దుబారాక వంచు."

మోచేతుల దాకా నీళ్లలో పెట్టుకుని నిలబడ్డాను. ఇద్దరం దడి అవతల రోడ్డు మీద పోయే లారీలు చూశాం. వేళ్లు నావి కానట్టయ్యాక గొట్టాన్ని పట్టుకుని వంచాను. వంగింది. వదిలితే తిన్నగా వచ్చింది. ఆ తర్వాత మందం గొట్టం ముక్క ఇచ్చింది. అది వంగనే లేదు, ఆమె చెప్పకముందే వదిలేశాను.

"పదిహేను అడుగులు చాలు నీకు," అంది మార్గిట్. "పొడవు పెరిగేకొద్దీ లాగుడు తగ్గుతుంది, మొయ్యాల్సింది పెరుగుతుంది." లోపలికెళ్లి ఒక రబ్బరు సూటు తెచ్చి గొట్టం మీద పడేసింది. మోకాళ్ల దగ్గర అతుకులున్నాయి. "ఇది కూడా పట్టుకుపో. నాకింక పట్టదు."

ఇంటికి నాలుగ్గంటల దారి. గొట్టం బండి వెనక తెల్లగా మెరుస్తోంది. హాలిస్ ఎక్కేటప్పుడే చూశాడు. చేతికి కట్టు, ఒళ్లో మందుల సంచి. కిటికీ వైపు తిరిగి కూచున్నాడు.

"అది ఐదుది కాదు," అన్నాడు చివరికి.

"నాలుగు."

డెల్టా అనే ఊరు దాటాం. రోడ్డు మీద ఎక్కడో దుప్పి అడ్డం వస్తే బ్రేకు వేశాను. అతను ఎడమచేత్తో ముందు పట్టుకుని, భుజం కదలకుండా చూసుకుని, మళ్లీ వెనక్కి ఆనుకున్నాడు.

"ఇరవై అడుగులా, పదిహేనా?"

"పదిహేను."

"మంచిది," అన్నాడు. కొంచెం ఆగి, "మొదట్లో దూరం పోకూడదు," అన్నాడు.

నేను గేరు మార్చాను.

మొదటి నాలుగు రోజులూ హాలిస్ నన్ను నడుంలోతు నీళ్లలోనే ఉంచాడు. తను ఒడ్డున నిలబడి, ఎడమచేత్తో గాలిలో చూపిస్తూ, ఒకే మాట పదిసార్లు చెప్పేవాడు. "రాయి కింద తవ్వకు. ఎప్పుడూ పక్కనుంచి. నీకన్నా పెద్ద రాయి కనపడితే ముట్టుకోకు, చోటు మార్చు. గాలి గొట్టం మూడుసార్లు లాగితే పైకి తీస్తా. అర్థమైందా?"

"ఇరవై రెండేళ్లుగా నేనేగా నిన్ను పైకి తీసింది."

"అర్థమైందా అని అడిగాను."

"అయింది."

అయిదో రోజు లోతుకి దిగాను. ఇంజను వేడికి కాగిన నీళ్లు సన్న గొట్టంలోంచి మెడ దగ్గర సూటులోకి పారుతుంటాయి. అవి చేరిన చోట వెచ్చన, చేరని చోట పళ్లు జివ్వుమంటాయి. నడుముకి సీసపు బరువులు. గులక గొట్టంలోంచి పోతుంటే రేకుల కప్పు మీద వడగళ్లు పడినట్టు మోత. గొట్టం మాత్రం చెప్పిన మాట వింది. రాయి ఇరుక్కుంటే పైనుంచి హాలిస్ చూసి, అక్కడే తట్టేవాడు. నేను చేయాల్సిందేమీ ఉండేది కాదు. అయినా సాయంత్రానికి భుజాలు, మెడ, చేతి వేళ్ల కణుపులు అన్నీ వేరే ఎవరివో తెచ్చి నాకు తగిలించినట్టుండేవి. బూట్లతోనే పడుకుని నిద్రపోయిన రోజులున్నాయి.

హాలిస్‌కి పై పని చేతకాలేదు. తొట్టిలో రాళ్లు పేరుకుపోయేవి. పంపు జాలీకి ఆకులు పట్టేవి. జులై మధ్యలో ఒకరోజు కింద నాకు గాలి బరువెక్కింది. గులక మోత ఆగిపోయింది. ఇంజను ఆగితే గాలి పంపు కూడా ఆగుతుంది. తెప్ప మీది చిన్న గాలి డబ్బాలో కొన్ని ఊపిరులకి సరిపడా మాత్రమే ఉంటుంది. బరువుల పట్టీ వదిలేసి పైకొచ్చాను. తెప్ప అంచున హాలిస్ బోర్లా పడుకుని, నా గాలి గొట్టాన్ని ఒంటి చేత్తో లాగుతున్నాడు. మొహంలో రక్తం లేదు.

"పెట్రోలు అయిపోయింది," అన్నాడు.

ఊపిరి అందేదాకా ఆగాను. "ట్యాంకు చూడలేదా?"

"లేదు."

"మరేం చూస్తున్నావు పొద్దుట్నుంచీ?"

"నీ బుడగలు."

"బుడగలు చూడక్కర్లేదు హాలిస్. ట్యాంకు చూడు. గంటకోసారి ట్యాంకు, అరగంటకోసారి తొట్టి, మధ్యలో జాలీ. బుడగలు ఆగితే నీకే తెలుస్తుంది."

"నువ్వు అలాగే చేసేదానివా? నేను కింద ఉన్నప్పుడు?"

"అలాగే చేసేదాన్ని."

అతను తల ఊపాడు. నేను చల్లటి నీళ్లలో అలాగే వేలాడుతూ ఉన్నాను, అతని ఎడమచేయి నా సూటు కాలర్ని పట్టుకుని ఉంది. వదలమంటే వదిలాడు. ఆ సాయంత్రం నేను మునిగి వెతికి బరువుల పట్టీ తెచ్చుకున్నాను, అతను పెట్రోలు డబ్బాలన్నిటినీ తెప్ప మీద వరసగా పెట్టుకున్నాడు. ఆ వేసవిలో ఇంజను మళ్లీ ఆగలేదు.

ఆగస్టులో అర్విడ్ వచ్చాడు. తొట్టిలోకి వంగి చూశాడు. సన్న గొట్టంతో వచ్చేంతే వచ్చింది; బాగున్న ఏడాదిలో సగం ఉండొచ్చు.

"పర్లేదే," అన్నాడు. "మరి హాలిస్, ఆగస్టు వచ్చింది. మావాళ్లు అడుగుతున్నారు."

హాలిస్ జాలీలోంచి ఆకులు ఏరుతున్నాడు. తలెత్తలేదు. "దిగేది వెల్డా. ఆవిణ్ణి అడుగు."

అర్విడ్ నావైపు తిరిగాడు. నేను ఒడ్డున వెల్లకిలా పడుకుని ఉన్నాను, సూటు సగం ఊడదీసి. "ఏమ్మా వెల్డా?"

ఇచ్చేస్తే రేపు పొద్దున్న లేవక్కర్లేదన్న ఆలోచన ఒకటి వచ్చింది, బాగానే అనిపించింది. "ఇప్పుడు కాదు పెద్దాయనా," అన్నాను. "ఒళ్లంతా నొప్పులుగా ఉంది. బాగా ఉన్నప్పుడు అడగండి."

"బాగా ఉన్నప్పుడు ఎవరిస్తారమ్మా," అని గొణుక్కుంటూ పడవెక్కాడు.

సెప్టెంబరు మొదటి వారానికి ఒడ్డు వెంట పొద్దున్నే పల్చటి మంచు పలకలు కట్టడం మొదలైంది. ఇంకో రెండు రోజుల్లో తెప్ప పైకి లాగెయ్యాలి. ఆ రోజు మబ్బు లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగు బండ చీలికలో నెమ్మదిగా పని చేసుకుంటున్నాను. పక్కన ఏదో కదిలినట్టయి తల తిప్పాను.

చేపలు. పది పన్నెండు గ్రేలింగులు, నా మోచేతికి జానెడు దూరంలో, ప్రవాహానికి ఎదురు నిలబడి ఉన్నాయి. గులక కదిలినప్పుడు లేచే పురుగుల కోసం వచ్చాయి. వీపు మీది రెక్కలు తెరచాపల్లా విప్పుకుని, నీలంగా, ఊదాగా. నేను రాయి తీసినప్పుడల్లా ఒకటి ముందుకొచ్చి, ఏదో అందుకుని, మళ్లీ తన చోటికి వెళ్లిపోయేది. నన్ను చూసి బెదరలేదు. ఎంతసేపు చూశానో తెలియదు. చేతిలో గొట్టం ఊరికే నీళ్లు లాగుతోంది.

పైకొచ్చాక తెప్ప మీద కూచుని ముసుగు తీశాను.

"కింద చేపలున్నాయి," అన్నాను.

"ఉంటాయి. నీళ్లు తేటపడితే వస్తాయి."

"నీకూ వచ్చేవా?"

"ఏటా వచ్చేవి."

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదే నాకు."

హాలిస్ ఇంజను ఆపాడు. ఏరు చప్పుడు ఒక్కటే మిగిలింది. "చెప్తే నువ్వూ దిగుతానంటావని," అన్నాడు.

ఆ మాటకి నాకు కోపం రావాల్సింది. ఇరవై రెండు వేసవులు పెట్రోలు ట్యాంకు చూస్తూ కూచున్నదాన్ని. రాలేదు. వచ్చేంత ఓపిక లేదు ఒంట్లో. వేళ్లు వంగడం లేదు, సూటు జిప్పు నాకు అందదు, అది వీపు వైపుంది. లేచి అతనికి వీపు తిప్పి నిలబడ్డాను.

అతను ఎడమచేత్తో జిప్పు వెతుక్కున్నాడు. అది తడిసి బిగుసుకుపోయింది. కొంచెం లాగాడు, జారింది, మళ్లీ పట్టుకున్నాడు. చాలాసేపు పట్టింది. తొందర చెయ్యలేదు నేను. ఏటికి ఎదురుగా, చేతులు వేలాడేసుకుని, అది పూర్తయ్యేదాకా నిలబడ్డాను.